చదవని మూడో గడి

రత్నం కింద చాప మీద కూర్చుని హుక్కులు కుడుతోంది, నేను మిషను మీద ఉన్నాను, మిషను తిరుగుతోంది గానీ గుడ్డ ముందుకు జరగడం లేదు, మా కొట్టుకు గోడలు లేవు, గోడలుండాల్సిన చోట ఆస్పత్రిలో ఉండే పొడుగాటి బెంచీలున్నాయి, బెంచీల నిండా ఆడవాళ్ళు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో ఆది జాకెట్టు, కొలతకని తెచ్చిన పాత జాకెట్టును మడతపెట్టి పట్టుకుని తమ వంతు కోసం చూస్తున్నారు. రత్నం పోయి మూడేళ్ళయిందని నాకు తెలుసు. తెలిసినా భయం వేయడం లేదు, ఒళ్ళు మండుతోంది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే, నీ పనీ నా పనీ నేనొక్కదాన్నే చేసుకోలేక చస్తున్నాను, పెళ్ళివాళ్ళ జాకెట్లు పదకొండున్నాయి, ఒక్కదానికీ హుక్కుల్లేవు అని అరుస్తాను. అది తలెత్తదు. దారం కొస నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించుకుంటూ, "వచ్చేను కదక్కా, కుడుతున్నాను కదా," అంటుంది.

రత్నం నా చెల్లెలు. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. అమ్మ పోయినప్పుడు దానికి ఆరేళ్ళు, ఆ రోజు నుంచి నా కొంగు పట్టుకునే తిరిగింది, నేను పెళ్ళయి రామచంద్రపురం వస్తే నాతో వచ్చింది, నేను టైలరింగు కొట్టు పెడితే అందులో కూర్చుంది, తను పెళ్ళి చేసుకోనంది, చేసుకోలేదు. మా ఆయన పోయాక ఇల్లంటే మేం ముగ్గురమే, నేను, రత్నం, నా కూతురు నాగవేణి. ఇప్పుడు ఇద్దరం.

ఆ నాగవేణి బెంచీల అవతల నిలబడి ఉంది. అక్కడ కాకినాడ బస్సు ఆగి ఉంది, ఇంజను ఆపలేదు, నాగవేణి ఒక కాలు ఫుట్‌బోర్డు మీద పెట్టి అమ్మా రా, నాలుగింటికి రమ్మన్నారు అని పిలుస్తోంది. ఎక్కడికో నాకు తెలుసు. రెండు నెలలుగా నేను కత్తెర పట్టుకోలేదు, పొద్దున్నే లేచి మంచం అంచున కూర్చుంటే మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుండిపోతున్నాను, తలకు నీళ్ళు పోసుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు, పిల్ల చూసీ చూసీ హేమనళిని మేడం దగ్గర ఇవాళ్టికి టైము తీసుకుంది. రత్నం వెళ్ళిన కౌన్సిలర్ ఆవిడే. నేను చచ్చినా రానన్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళమంటుంది? బస్సువైపు చూడకుండా మిషను తొక్కుతూనే ఉంటాను.

రత్నం చేతిలోని జాకెట్టు లాక్కుని చూస్తే రెండు పక్కలా హుక్కులే ఉన్నాయి, కాజాలు ఒక్కటీ లేవు. ఇదెలా పెట్టుకుంటారే అని నెత్తి కొట్టుకుంటాను. కొట్టుకుంటుంటే గుర్తొస్తుంది, అప్పుడు కూడా ఇలాగే మొదలయింది. ఇరవై ఏళ్ళుగా కళ్ళు మూసుకుని కుట్టే పిల్ల ఒకరోజు రెండు పక్కలా హుక్కులు కుట్టి ఇచ్చింది. నేను నవ్వాను. తర్వాత వారం మళ్ళీ అదే పని చేస్తే తిట్టాను. తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తోందంది, అన్నంలో ఉప్పు ఉందో లేదో తెలియట్లేదంది, స్నానానికి లేవాలంటే కొండ ఎక్కుతున్నట్టుందంది. పని లేనివాళ్ళకు వచ్చే రోగాలివన్నీ, నీకెందుకొచ్చాయే అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఇంకెవరో కాదు. మా వీధి డాక్టరు చేత బలానికి సూదులు వేయించాను, ఎవరో చెబితే చేతికి తాడు కట్టించాను, ఏడు శనివారాలు వాడపల్లి తీసుకెళ్ళి ప్రదక్షిణలు చేయించాను. అది నా వెనకాలే అన్ని ప్రదక్షిణలూ చేసింది, ఏం లాభం లేదని ఒక్కసారి కూడా అనలేదు. చివరికి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు దాన్ని పది నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడించి, ఇది బద్ధకమూ కాదు, గాలీ కాదు, కుంగుబాటనే జబ్బు, డిప్రెషన్ అంటారు, చాలామందికి వస్తుంది, తగ్గుతుంది, మాత్రలు వాడాలి, మాటతో కూడా వైద్యం చేయించాలి అని కాకినాడకు చీటీ రాసిచ్చాడు. మాటతో వైద్యం ఏంటని నాకు నవ్వొచ్చింది. ఇంట్లో నేను మాట్లాడేది చాలదా దీనికి?

"చాలలేదక్కా," అంటుంది రత్నం. నేను పైకి అననే లేదు, దానికెలా వినపడిందో.

ఇప్పుడు బెంచీలు లేవు, ఒక గదిలో ఉన్నాం, హేమనళిని మేడం గది ఇదే అయ్యుండాలి. నేను ఆ గదిని ఎప్పుడూ చూడలేదు. ప్రతి గురువారం రత్నం ఒక్కతే బస్సెక్కి వెళ్ళేది, ఒక్క వారమైనా తోడు వెళ్ళలేదు నేను, అందుకే కాబోలు గదికి మా కొట్టులో జాకెట్లు వేసుకుని చూసుకునే మూలన ఉన్న కర్టెనే వేలాడుతోంది, మేడం బల్ల మీద నా సుద్దముక్క, నా టేపు ఉన్నాయి. మేడం లేదు. ఆవిడ కుర్చీలో రత్నం కూర్చుంది, నన్ను ఎదురు కుర్చీలో కూర్చోమంటుంది. అదేంటి, నేను పేషెంటునా అంటాను. అది మంచినీళ్ళ గ్లాసు నావైపు జరుపుతుంది.

ఇక్కడ ఏం చేసేదానివే అని అడుగుతాను. బతికున్నప్పుడు అడగలేదు, ఇప్పుడడుగుతున్నాను. అది చెబుతూ పోతుంది, గొంతులో కోపం లేదు. మొదటి గురువారం మేడం ఏ సలహా ఇవ్వలేదట, విన్నదట, అంతే. రోజులో గంట గంటకూ ఏం చేస్తున్నావో రాసుకో, అప్పుడు మనసెలా ఉందో పదికి ఎన్ని మార్కులో వేసుకో అందట. రత్నం అన్నింటికీ సున్నాలే వేసుకుందట, ఒక్క ఇస్త్రీకి తప్ప. కుట్టడం అయిపోయిన జాకెట్లకు ఇస్త్రీ చేస్తున్నప్పుడు మాత్రం పదికి మూడు వచ్చాయట. అయితే రోజూ లేవగానే ముందు ఇస్త్రీ చెయ్యి, చెయ్యాలనిపించేదాకా ఆగకు, ఈ జబ్బులో ఆ అనిపించడం ముందు రాదు, పని మొదలెట్టాక వెనకాల మెల్లగా వస్తుంది అని చెప్పిందట మేడం. నాకు గుర్తుంది. పొద్దున్నే ఆరింటికే ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడుంటే, ఏ పెళ్ళికి వెళ్తున్నావే అని వెక్కిరించాను. అది ఆ వారమంతా ఇస్త్రీ చేసింది. రెండో వారం తనంతట తానే తలంటుకుంది. మూడో వారం టీవీలో ఏదో చూసి పకపకా నవ్వింది, వంటింట్లోంచి నేను విన్నాను, మొక్కు ఫలించిందనుకున్నాను.

"అప్పుడేనక్కా, మేడం నోటుపుస్తకం ఇచ్చింది," అంటుంది రత్నం.

నాకు లేచి వెళ్ళిపోవాలని ఉంది, కుర్చీలోంచి లేవలేకపోతున్నాను, కర్టెన్ అవతల బస్సు హారను కొడుతోంది. ఆ పుస్తకం సంగతి నాగవేణికి కూడా నేను చెప్పలేదు. పరుపు కింద దొరికింది నాకు. పేజీకి నాలుగు గళ్ళు, స్కేలు పెట్టి గీసినవి, రత్నం గీతలు అంత తిన్నగా ఉంటాయి. మొదటి గడిలో, బుధవారం, అక్క నా కంచం కడిగింది అని ఉంది. రెండో గడిలో, నేను అక్కకు బరువు, నేను లేకపోతే అక్క సుఖపడుతుంది అని ఉంది. కింద ఇంకో రోజు, ఇంకో మాట, నేను ఎందుకూ పనికిరాను. ఇంకో మాట, నాకు బతకాలని లేదు. పేజీ తిప్పితే మళ్ళీ అవే.  చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారని, మనం నోరు జారి చెడ్డ మాట అన్న క్షణంలోనే వాళ్ళు తథాస్తు అనేస్తారని, ఆ మాట జరిగిపోతుందని. దీపాలు పెట్టే వేళ మా ఇంట్లో ఎవరూ 'లేదు' అనే మాట కూడా అనేవాళ్ళం కాదు, బియ్యం నిండుకుంటే నిండుగా ఉన్నాయనేవాళ్ళం. అలాంటిది, నాకు బతకాలని లేదని రోజుకోసారి కూర్చోబెట్టి రాయిస్తుందా ఆ మనిషి? ఇది వైద్యమా, శాపమా? ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి నీళ్ళ పొయ్యిలో పెట్టాను.

రత్నం పరిగెత్తుకొచ్చింది. అక్కా, అది అలా కాదు, నాకు బతకాలని లేదన్న మాట ఎందుకు రాశానంటే అని మొదలెట్టింది. దాని నోట ఆ మాట చెవులారా వినడం అదే మొదలు. గబుక్కున నా అరచేయి దాని నోటికి అడ్డం పెట్టేశాను. ఇంకోసారి ఆ మాట అన్నావంటే ఊరుకోను అన్నాను. దాని చెయ్యి పట్టుకుని నా నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించుకున్నాను, ఆ మాట అననని, రాయనని, ఆ మేడం గడప తొక్కనని. తప్పితే నా తల పగిలిపోతుందని కూడా చెప్పాను, మేం ఒట్టంటే అలాగే వేస్తాం. అది ఏడుస్తూ ఒట్టేసింది. మేడం రెండుసార్లు ఫోను చేసింది. బానే ఉందండీ, పెళ్ళిళ్ళ సీజను, ఖాళీ లేదు, మీరు చెయ్యకండి అన్నాను. ఆ తర్వాత నలభై రోజులు ఎవరడిగినా రత్నం నవ్వుతూ బానే ఉన్నానంది. వాడపల్లి స్వామి దయ అని వీధంతా చెప్పుకు తిరిగాను. నలభై ఒకటో రోజు అది తన ప్రాణం తానే తీసుకుంది.

"మూడో గడి చదివేవా అక్కా?" అని అడుగుతుంది రత్నం.

లేదంటాను.

"నాలుగోది?"

అదీ లేదంటాను. రెండో గడి దాటి నా చూపు వెళ్ళలేదే, వెళ్ళనివ్వలేదు నా భయం. ఆ గళ్ళలో ఏముంటుందో ఆ తర్వాత నాగవేణి చెబితే తెలిసింది, అదీ కిందటి వారం, నన్ను ఒప్పించడానికి ఈ మాటల వైద్యం ఎలా చేస్తారో ఫోనులో చూసి చదివి చెబుతుంటే. రెండో గడిలో మనసు చెప్పే మాట రాయిస్తారట, నిజమని కాదు, దాన్ని పట్టుకుని నిలదీయడానికి. మూడో గడిలో ఆ మాటకు సాక్ష్యమేంటి, అది తప్పనడానికి సాక్ష్యమేంటి అని వెతికిస్తారట. అన్నీ చూశాక ఇప్పుడేమనిపిస్తోందో నాలుగో గడిలో రాయిస్తారట. దొంగను పోలీసు స్టేషనుకు తీసుకొచ్చి కూర్చోబెడితే, దొంగ ఇంట్లోకి వచ్చాడని స్టేషను తగలబెట్టిన మనిషిని నేను.

"ఏం రాసేవే మూడో గడిలో? చెప్పవే," అంటాను.

పుస్తకం దాని చేతిలో ఉంది, కాలలేదు, అంచులు కూడా నలగలేదు. నా ముందు తెరిచి పెడుతుంది. మొదటి గడి, రెండో గడి నేను చూసినవి చూసినట్టే ఉన్నాయి, దాని గుండ్రటి అక్షరాలు, బుధవారం, కంచం, బరువు. మూడో గడి తెల్లగా ఉంది. నాలుగోదీ అంతే. పేజీలు తిప్పుతాను, తిప్పుతూనే ఉంటాను, ఎన్ని తిప్పినా ఆ రెండు గళ్ళలో ఒక్క పొల్లు కూడా లేదు.

"ఏమీ లేదేంటే ఇందులో?"

"నువ్వు చదవంది నీకెలా కనపడుద్దక్కా? ఇది నీ కల కదా."

అంత మెల్లగా అంటుంది ఆ మాట. నేను బతిమాలతాను. నీకు టైఫాయిడ్ వస్తే ఇరవై రోజులు నీ పక్కనే కూర్చున్నానే, అది రాసేవా? ఆది జాకెట్టు లేకుండా నీ ఒక్కదానికే నేను కళ్ళతో కొలత చూసి కుడతాను, అది రాసేవా? నువ్వు బరువని ఒక్కనాడైనా అన్నానా నేను, అది రాసేవా, సాక్ష్యం కింద? అది ఆలోచిస్తుంది, నిజంగానే గుర్తు తెచ్చుకుంటున్నట్టు నుదురు ముడేస్తుంది, రాసేనేమో అంటుంది, రాయలేదేమో అంటుంది. అబద్ధమైనా ఒకటి చెప్పి నన్ను ఒడ్డున పడెయ్యొచ్చు కదా. పోయినవాళ్ళకు ఆపాటి జాలి కూడా ఉండదు కాబోలు.

ఇక నాకు దాని మీదే కోపం వస్తుంది. తప్పంతా నా ఒక్కదానిదేనా అని నిలదీస్తాను. ఒట్టుదేముందే, చిన్నప్పుడు రోజుకు పది ఒట్లు వేసేవాళ్ళం, ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఆడుకోవడానికి పోయేవాళ్ళం, ఆ ఒక్క ఒట్టునే పట్టుకుని వేలాడావెందుకు, నాకు చెప్పకుండా కాకినాడ బస్సెక్కి ఉండకూడదా, ఆవిడకు ఫోను చేసి ఉండకూడదా, కనీసం నాగవేణి చెవిలో వేసి ఉండకూడదా? నలభై రోజులు నా ఎదురుగా కూర్చుని హుక్కులు కుడుతూ నవ్వావే, ఎలా నవ్వావే?

"నీ నెత్తి మీద పెట్టించేవు కదక్కా ఒట్టు," అంటుంది. "ఆ మాట అంటే నువ్వు చచ్చిపోతావని భయమేసింది. నాకా, చిన్నప్పటి నుంచి నువ్వు తప్ప ఎవరున్నారు?"

కర్టెన్ లేదు. గది లేదు. మళ్ళీ బెంచీలు, ఆడవాళ్ళు, ఒళ్ళో ఆది జాకెట్లు. రత్నం మాత్రం కుర్చీలోనే ఉంది, మోకాళ్ళ మీద పుస్తకం, చేతిలో పెన్ను. నీ సంగతి చెప్పు, ఏమనిపిస్తోంది నీకు అని అడుగుతుంది, మేడం ఇలాగే అడిగేదేమో. నాకేంటే, దుక్కలా ఉన్నాను, కాస్త నీరసం, అంతే అంటాను. అది రాసుకోదు. పెన్ను పట్టుకుని అలాగే చూస్తుంది. ఎండాకాలం కదా, తిండి సయించట్లేదంటాను. రాసుకోదు. నీ మీద బెంగ అంటాను, అదీ రాసుకోదు. బస్సు గేరు మారిన చప్పుడు వినపడుతుంది, నాగవేణి అమ్మా అని ఒకసారి పిలుస్తుంది, బెంచీల మీద ఆడవాళ్ళందరూ నావైపు తిరుగుతారు. నాకు తెలుసు ఏ మాట చెప్పాలో. రెండు నెలలుగా మంచం అంచున కూర్చుని ఆ ఒక్క మాటనే మింగుతున్నాను, అది కడుపులో రాయిలా ఉంది, పైకి అంటే పైన వాళ్ళు తథాస్తు అంటారని మింగుతున్నాను, నాగవేణికి దిక్కెవరని మింగుతున్నాను. రత్నం నన్ను తొందర పెట్టదు. సూది కింద పెట్టినంత నెమ్మదిగా పెన్ను కాగితం మీద ఆనిస్తుంది.

"నాకు బతకాలని లేదే," అంటాను.

అని తల వంచుకుని కూర్చుంటాను, పైనుంచి ఆ మాట వస్తుందని. రాదు. ఎంతసేపు చూసినా రాదు. తథాస్తు అనేవాళ్ళెవరూ అక్కడ లేరు, జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్ళు తప్ప. ఈ ఎవరూ లేనిదానికా నేను పుస్తకం కాల్చాను? మళ్ళీ అంటాను, గట్టిగా, గొంతు చించుకుని, లేని దేవతలందరికీ వినపడేట్టు నాకు బతకాలని లేదు అని అరుస్తాను, రత్నం రెండో గడిలో అదే మాట నెమ్మదిగా రాసుకుంటోంది, రాయడం అయ్యాక మూడో గడిలోకి పెన్ను జరుపుతోంది, నేను చూద్దామని ముందుకు వంగుతుంటే ఎవరో నా భుజాలు పట్టుకుని కుదిపేస్తున్నారు.

కొట్టులో చాప మీద ఉన్నాను. మధ్యాహ్నం ఎండ గుమ్మం దాకా వచ్చింది. నాగవేణి నా మీదకు వంగి ఉంది, బయటికి వెళ్ళే చీర కట్టుకుంది, మొహంలో నెత్తురు లేదు. నా గొంతు మంటగా ఉంది, అంటే పైకే అరిచి ఉంటాను. అరిచానా అని అడగబోతూ, ఇంకా కలలోనే ఉన్నట్టు, "వేణీ, నాకు బతకాలని..." అన్నాను.

ముగించనివ్వలేదు. నన్ను కాకినాడ తీసుకెళ్ళడానికి వారం రోజులుగా పోరాడుతున్న పిల్ల, మూడో గడి ఏంటో నాలుగో గడి ఏంటో నాకు చదివి చెప్పిన పిల్ల, చదువుకున్న పిల్ల, గబుక్కున అరచేయి నా నోటికి అడ్డం పెట్టేసింది.

"అనకమ్మా, ఆ మాటనకు. నా మీద ఒట్టు," అంది, కళ్ళ నిండా నీళ్ళతో.

చెయ్యి వెచ్చగా ఉంది. ఉల్లిపాయ వాసన వస్తోంది. నా మీద ప్రేమతోనే పెట్టింది, అందులో అనుమానం లేదు. ఊపిరి మాత్రం ఆడలేదు. ఆ రోజు రత్నానికి నా చెయ్యి ఎలా ఉండి ఉంటుందో మూడేళ్ళకు తెలిసింది నాకు.

నాగవేణి మణికట్టు పట్టుకుని ఆ చెయ్యి తీసి, నా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు తెరిచే ఆ మాట చివరి దాకా అన్నాను.